మిలట్రీ తాతకి రెండు నిమిషాల మౌనం

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తెలియని సంగతంటూ ఉండదు. తెలియనివన్నీ తర్వాతెప్పుడో, జుట్టు నెరిసే వేళకి మొదలవుతాయి. పార్వతీపురం దగ్గర పల్లపు ఊళ్ళో పుట్టి, చరిత్రలో ఎమ్మే చేసి, గుమ్మలక్ష్మీపురం పైన కొండల్లో ఒక హైస్కూలుకి సోషల్ మేష్టారుగా వెళ్ళినప్పుడు నేను సరిగ్గా ఆ దశలో ఉన్నాను. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు (ఒకటి రాయడానికి, రెండోది కనబడడానికి).

ఆగస్టు పదిహేను దగ్గర పడుతోందనగా మా పెద్ద మేష్టారు నన్ను పిలిచారు. "ఏవయ్యా, పై ఊళ్ళో మిలట్రీ మామ్మని ఒకావిడుంది. వాళ్ళాయన రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్ళాడట. ఈసారి ఆవిడకి శాలువా కప్పుదాం. ఆయన గురించి నువ్వు నాలుగు ముక్కలు మాట్లాడాలి" అన్నారు. నాలుగు ముక్కలేమిటి, జీవిత చరిత్రే తవ్వి తీస్తానన్నాను. "అయితే ఓసారి కొండెక్కి మామ్మనడిగి రా" అన్నారాయన. నేను జాలిగా నవ్వాను. ముసలివాళ్ళ జ్ఞాపకాలు ఆధారాలు కావు, రికార్డు చూడాలి అని మాకు యూనివర్సిటీలో చెప్పారు మరి. (కొండెక్కడానికి బద్ధకం కూడా ఉందని ఇక్కడ చెప్పడం న్యాయం.)

సెలవు పెట్టి పార్వతీపురం వెళ్ళి, ఒక ఆఫీసులో పాత కాగితాల గది తలుపు తీయించాను. గుమాస్తా గారు ముక్కుకి తువ్వాలు కట్టుకుని, "చెదలు తినగా మిగిలిందే మన చరిత్ర మేష్టారూ. చూసుకోండి" అని బయటికి పారిపోయారు. తుమ్ముతూ, దగ్గుతూ మధ్యాహ్నం దాకా వెతికితే, కొండల నుంచి పట్టాళంలో చేరినవాళ్ళ పేర్లున్న పసుపు కాగితం దొరికింది. అందులో పెద్ద మేష్టారు చెప్పిన తాత పేరు, పక్కనే 'యుద్ధమందు మృతి' అన్న మాట! ఒక మనిషి పోయాడని తెలిసి అంత సంతోషపడడం నా జన్మలో అదే మొదలు, అదే ఆఖరు. ఊరి పేరుండే గడిని మాత్రం చెదలు తినేశాయి. అదెంత విషయం అనుకున్నాను. ఆ కొండల్లో ఆ పేరు ఇంటికొకడికి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

పండగ రోజు రానే వచ్చింది. మామ్మ ముక్కుకి మూడు పోగులు, చేతిలో కర్రతో వచ్చి ముందు వరసలో కూర్చుంది. నేను మైకు పట్టుకుని, నాకు దొరికిన కాగితం సంగతితో మొదలుపెట్టి రెచ్చిపోయాను. బర్మా అడవులు, ఉరిమే ఫిరంగులు, మన్యం పులి, తుపాకీ చేతపట్టి నేలకొరిగిన వీరుడు... నా మాటలకి నాకే కళ్ళు చెమర్చాయి. ఆ ఊపులో, "ఆ అమరుడి ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అన్నాను. అందరూ లేచారు. చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం.

"ఎవులు సచ్చిపోనార్రా?" అంది మామ్మ, పక్కనున్న ఆసామితో.

"మీ ముసలోడేనట. యుద్దంలో పోనాడట."

"అదేటి! మొన్న వానల్లో జొరమొచ్చి కదా పోనాడు?" అని మామ్మ నావైపు తిరిగింది. "బాబూ, ఆడు యుద్దంలోనే పోతే, నాతో ఇన్నేళ్ళు కాపరం సేసినోడు ఎవుడు? నా నలుగురు గుంటలూ ఎవులికి పుట్నారు?"

మౌనం ఎలా పగిలిందో చెప్పలేను. పిల్లలు బెంచీల మీద పడి నవ్వారు. పెద్ద మేష్టారు శాలువాలో మొహం దాచుకున్నారు (మామ్మకి కప్పాల్సిన శాలువా అది). నేను మైకు స్తంభం వెనక నిలబడే ప్రయత్నం చేశాను గానీ, అప్పట్లో నేను ఎంత సన్నగా ఉన్నా అంత సన్నం కాదు.

"అయితే... తుపాకీ?" అన్నాను నీరసంగా.

"తుపాకీ ఏటి బాబూ! ఆడు కంచరగాడిదల్ని తోల్నాడు. సామాన్లు మోసేవట. అరిస్తే శత్రువులికి తెలిసిపోద్దనీసి మరి కూయకండా ఆటి గొంతులో నరాలు కోయించీసినారట. ఈడు పట్టుకుంటే డాక్టరు కోసినాడట. ఒచ్చినకాడ్నించి సంతలో గాడిద కూసిందంటే సాలు, పని మానీసి నిలబడిపోయేవోడు. బేగి రావయ్యా అంటే, ఉండే, దాన్ని అరవనీ అనీవోడు."

నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో తెలీదు.

మామ్మ మళ్ళీ నావైపు చూసి, "మరి కాయితంలో సచ్చిపోనోడు ఎవుడు?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. "ఎవుడో ఉన్నాడు గదా. ఆడి ఇంటికి కబురెల్లిందో లేదో. కూకున్నారేటి, లెగండి, ఆడికోసం నిలబడండి" అని, కర్ర ఊతంతో ముందు తనే లేచింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

సభ అయ్యాక నేను మొహం చాటేస్తుంటే, మామ్మ శాలువా కప్పుకుని, పిల్లలకి పంచిన మిఠాయి చప్పరిస్తూ నన్ను పట్టుకుంది. "బాగా సెప్పినావు బాబూ. నువ్వు సెప్పినోడు మా ముసలోడి కన్నా బాగున్నాడు" అంది.

ఇప్పుడు నేనూ రిటైరయ్యాను. ఏదైనా సభలో కుర్రవాడెవడో మైకు పట్టుకుని ఊగిపోతుంటే, ఆ రెండు పెన్నుల మేష్టారు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, ఎంత బాగా మాట్లాడేవాడో! ఒక్క ముక్క నిజం లేకుండా.