పూజ రోజున ఆగిపోయే కీచు

మీ కారు చక్రం దగ్గర శబ్దం వస్తే మీరు ముందు వెతికేది మెకానిక్‌నా, నిమ్మకాయనా? హేతువాద సభల్లో ఈ ప్రశ్న వేసి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి నేను. అదే ప్రశ్న వర్క్‌షాపులో వేసి బోర్లా పడ్డాను.

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు నన్ను తిరువూరులోని ఒక కార్ల వర్క్‌షాపుకు ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. టెక్నీషియన్లు చేసిన పనిని చివరగా పరీక్షించి, బండి బయటికి వెళ్లవచ్చని సంతకం పెట్టేవాడు ఫోర్‌మన్. సంతకం పడ్డాక బాధ్యత అతనిదే.

ఆ వేసవిలో గంపలగూడెం నుంచి కోటేశ్వరరావు గారనే మామిడి రైతు తన కారు తెచ్చారు. తోట దారిలో బండి అడుగు నేలకు తగులుతోందని, బయట ఒక షాపులో ముందు సస్పెన్షన్ మీద స్పేసర్లు, అంటే మందపాటి దిమ్మలు, పెట్టించి బండిని రెండంగుళాలు పైకి లేపించారు. అప్పటినుంచి స్టీరింగు తిప్పినా, స్పీడ్‌బ్రేకర్ ఎక్కినా ముందు కుడివైపు కీచుమంటోంది. వారానికి రెండుసార్లు వాళ్ల అక్కయ్యను డయాలసిస్‌కు విజయవాడ తీసుకెళ్లేది ఆ బండిలోనే.

శబ్దం పట్టుకోవడానికి ఒక వరుస ఉంది. ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు ఆగుతోంది అని ముందు యజమానిని అడగాలి. తరువాత ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూడాలి. బండిని లిఫ్టు ఎక్కించడం ఆ తరువాతే. నేను వరుస ప్రకారమే అడిగాను.

"మంగళవారం పూజ చేయిస్తే ఆగిపోద్దండి. బుధవారం సాయంత్రానికి మళ్లీ మొదలు. ఏదో దిష్టి తగిలిందండి" అన్నారాయన.

నేను నవ్వాను. దిష్టి గురించి పది నిమిషాలు ఉపన్యాసం కూడా ఇచ్చాను. జాబ్‌కార్డులో "ముందు కుడివైపు శబ్దం" అని మాత్రం రాసి, మిగతాది వదిలేశాను.

మొదటిసారి, మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ లింకులు మార్చాం. బండి తిరిగొచ్చింది. రెండోసారి స్టీరింగును చక్రానికి కలిపే కీళ్లు, టైరాడ్ ఎండ్లు, మార్చాం. ఎ.కొండూరు రోడ్డులో నేనే నడిపి చూశాను. నిశ్శబ్దంగా ఉంది. ఆ పొద్దున్నే బండికి పూజ జరిగిందన్న సంగతి నాకు పట్టలేదు. సంతకం పెట్టాను. వారం తిరక్కుండా కోటేశ్వరరావు గారు మళ్లీ దిగారు.

"నవ్వండి ఫోర్‌మన్ గారూ, నవ్వండి! మీ పానాకు లొంగనిది మా పంతులుగారి కొబ్బరికాయకు లొంగుతోంది."

షాపు షాపంతా నవ్వింది. ఆ రోజు భోజనాల గదిలో ఫ్యాను కీచుమన్నా ఆ చక్రమే వినిపించింది. ఆయన చెప్పే కారణం తప్పని తెలుసు. అసలు కారణం మాత్రం చూపించలేకపోతున్నాను.

భోజనాలయ్యాక, బండి కింద పని చేస్తున్న సీనియర్ టెక్నీషియన్ కరీముల్లా తల బయటికి పెట్టి కోటేశ్వరరావు గారిని అడిగాడు. "పూజకు ముందు బండి కడిగిస్తారాండీ?"

"కడక్కుండా పూజేంటయ్యా! అడుగంతా పంపుతో కొట్టిస్తా, మట్టి లేకుండా."

కరీముల్లా నా వైపు చూశాడు.  నాకు అర్థమైంది. లోపల అరిగిన ఇనుప కీలు నీళ్లు తగిలితే ఊరుకోదు. ఎండిన రబ్బరు ఊరుకుంటుంది, తడి ఆరేదాకా.

చక్రాలు నేలమీదే ఉండేలా బండిని, కింద నిలబడి పనిచేసే గుంత మీదికి తెచ్చాం. కరీముల్లా గుంతలోంచి కీళ్లలో కుదుపు తగ్గించే ఒక్కో రబ్బరు బుష్ మీద సీసాతో నీళ్లు చల్లుతుంటే, నేను బానెట్ నొక్కి వదులుతూ విన్నాను. కుడి లోయర్ ఆర్మ్ వెనక బుష్ తడవగానే కీచు ఆగింది. చక్రాన్ని కిందనుంచి పట్టి ఉంచేది ఆ ఆర్మే. విప్పి చూస్తే రబ్బరు సగానికి పైగా చీలి ఉంది. అది పూర్తిగా తెగితే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి జరిగి బండి పక్కకు లాగేస్తుంది.

కారణం తేలింది. బండిని లేపినవాళ్లు చక్రాలు గాలిలో వేలాడుతుండగానే ఆర్మ్ బోల్టులు బిగించేశారు. చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే జరగాలి. లేకపోతే బండి కిందికి దిగిన క్షణం నుంచీ రబ్బరు మెలిపడే ఉంటుంది. స్పేసర్లు తీసేసి, రెండువైపులా కొత్త బుష్‌లు వేసి, బరువు మీద బిగించి, వీల్ అలైన్‌మెంట్ సరిచేశాం.

కోటేశ్వరరావు గారు చీలిన బుష్‌ను చేతిలో తిప్పి చూశారు. "అంటే పూజ పనిచేసినట్టేగా సార్?"

"కడగడం పనిచేసిందండి. ఆగింది శబ్దమే. చీలడం ఆగలేదు."

ఆయన ముఖంలో వేళాకోళం పోయింది. "ఆ ధైర్యంతోనే సార్, బుధవారం పొద్దున్నే అక్కయ్యను ఎక్కించుకునేది" అన్నారు.

ఆయన చెప్పిన కారణం తప్పు, చూసిన విషయం నిజం. నేను ఆ తప్పుతోపాటు నిజాన్నీ అవతల పారేశాను. హేతువాదినని చెప్పుకునేవాడు చేయకూడని పని అది. ఆయన మాటను ఉన్నదున్నట్టు జాబ్‌కార్డులో రాసి ఉంటే మొదటిరోజే ఆ బుష్ దొరికేది. నేను సంతకం పెట్టి పంపిన బండిలో ఆయన అక్కయ్య రెండు బుధవారాలు ప్రయాణం చేసింది.

కాబట్టి, మీ బండిలో శబ్దం వస్తే ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు ఆగుతోందో కాగితం మీద రాయండి. పూజ చేస్తే ఆగిందా? అదీ రాయండి, ఆ రోజు ఇంకేం చేశారో కూడా రాయండి. అది చదవకుండా నవ్వే ఫోర్‌మన్‌కు తాళం ఇవ్వకండి. శబ్దం పోయిందని ఎవరు చెప్పినా, పాడైన భాగాన్ని మీ చేతిలో పెట్టేదాకా బండి ఎక్కకండి.