తుమ్మబంక మరచిన నీలి గోడ

క్రిస్మస్ వస్తోందంటే మా ఇళ్లలో ముందు గోడలకు సున్నం పడాలి. డెబ్బైల్లో మేము గన్నవరం పక్క పల్లెలో ఉండేవాళ్లం. తెలుపు మెరుస్తుందని మా అత్తగారు ఏటా సున్నపు తొట్టిలో చిటికెడు నీలిమందు కలిపేవారు. ఒక ఏడాది మాత్రం ముందుగదికి నిజంగా నీలమే వేసుకోవాలని నాకు బుద్ధి పుట్టింది. లేత నీలం కాదు, సిరా నీలమూ కాదు. నా పాత నేతచీర అంచు ఉతగ్గా ఉతగ్గా ఏ నీలానికి వచ్చి ఆగిందో, ఆ నీలం. ఆ ఇంట్లో నాకంటూ నేను అడిగిన మొదటి సంగతి అదే.

మా ఆయన "అమ్మని ఒప్పించుకో" అని తప్పుకున్నారు. అత్తగారు వక్క నములుతూ, "బాగోకపోతే పైన తెల్లసున్నం కొట్టిస్తా. తర్వాత మూతి ముడవకూడదు" అన్నారు.

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. డబ్బాల మీద పేర్లు చదవలేను కదా, గవర్నర్‌పేటలో రంగుల కొట్టుకు చీరే పట్టుకెళ్లాను.

"చీర అమ్మడానికొచ్చావా అమ్మా?" అన్నాడు కొట్టాయన.

"కాదండీ, గోడకి కట్టడానికి" అన్నాను. నవ్వుతూ పొడి పొట్లం కట్టిచ్చాడు.

తడిమీద రంగు ముదురుగా కనిపిస్తుందని బట్టలకు నీలం పెట్టే చేతికి ఒకరు చెప్పక్కర్లేదు. పొడిని సున్నంలో కలిపి, కుండపెంకుల మీద పూసి, ఎండలో ఆరబెట్టి, చీర అంచు పక్కన పెట్టి చూసుకున్నాను. రెండూ ఒకటయ్యేదాకా మళ్లీ మళ్లీ కలిపాను. ఆ సాయంత్రానికి గోడలు పూర్తయ్యాయి. అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఓసి నీ దుంపతెగ! సిరాబుడ్డి ఒలకబోశావేంటే? రేపు ప్రార్థనకొచ్చి పాస్టరుగారు ఈ చీకట్లో బైబిలెట్టా చదువుతారు?"

"పొద్దునదాకా ఆగండత్తయ్యా. ఆరాక కూడా ఇట్టాగే ఉంటే నా చేత్తో నేనే తెల్లసున్నం కొడతా."

తెల్లవారేసరికి గోడ చీర అంచు నీలానికి తేలింది. అత్తగారు చూశారు, బాగుందనలేదు. కానీ రోజూ అరుగు మీద తాగే కాఫీని ఆ వేళ ఆ గదిలో కూర్చుని తాగారు. "ప్రార్థన కానీ, చూద్దాం" అన్నారు.

సాయంత్రం గది నిండింది. ఆడవాళ్లంతా గోడకు ఆనుకుని కూర్చుని పాటలు పాడారు. చివరి ప్రార్థనకు లేచి నిలబడితే అందరి వీపులూ నీలం! పాస్టరమ్మగారి తెల్లచీరతో సహా.

"మీ కోడలు రంగు గోడకేసిందా, మాకేసిందా వదినా?" అంది పక్కింటావిడ.

రంగు ఊడిరాకుండా సున్నంలో తుమ్మబంక కలపాలి. ఏటా బంక నానబెట్టేది అత్తగారే. ఆ ఏడాది ఆవిడ కినుకతో తొట్టి దగ్గరికే రాలేదు. నేను నీలం ధ్యాసలో బంక ఊసే మరిచాను. ఇంక తెల్లసున్నం తప్పదనుకుని తల దించుకున్నాను.

అత్తగారు వెనక్కి తిరిగి తన వీపు కూడా చూపించారు. "పండగపూట ఉత్తచేతులతో పంపిస్తామా? తలా కాస్త పట్టుకెళ్లండి!"

గదంతా గొల్లున నవ్వింది. పాస్టరమ్మగారే అందరికన్నా ఎక్కువ నవ్వారు.

అందరూ వెళ్లాక గోడ నిండా వీపుల అచ్చులు మిగిలాయి. అత్తగారు వాటిని వేలితో తడిమి, దొడ్లోకి వెళ్లి బంక చట్టిలో నీళ్లు పోశారు.

"రంగు కుదిరిన ఆ పెంకు పారేశావా ఏంటి?"

"లేదత్తయ్యా, గూట్లో ఉంది."

"ఉండనీ. రేపు మళ్లీ అదే నీలం కలపాలిగా."