నలభై సెకన్ల తర్వాత

రిపేరు షాపులో ఆమెను అందరూ చెవులక్క అంటారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా స్పీకర్లు బాగుచేస్తోంది. కాలిపోయిన కాయిల్ విప్పేసి, వెంట్రుకంత సన్నని రాగితీగతో కొత్తది చుట్టడం, చిరిగిన కాగితపు కోను తీసేసి ఇంకోటి అతికించడం, ఆరాక పెట్టెలో బిగించడం. ఈ పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ ఒక్కసారి విని, "ఎడమపక్క ఒకచోట జిగురు పట్టలేదు" అని చెప్పగలిగేది ఈమె ఒక్కతే. అందుకే ఆ పేరు. ఎవరైనా అలా పిలిస్తే పైకి విసుక్కుంటుంది గానీ, లోపల బోలెడంత గర్వం.

పని పూర్తయ్యాక పరీక్ష ఒకటుంది. దానికి ఒకే పాట, ఒక పాత రాక్ బ్యాండ్‌ది. ముందు బేస్ గిటారు ఒక్కటే లోతుగా మోగుతుంది, తర్వాత పాటగాడి గొంతు, ఆ వెనక ఇత్తడి పళ్లేల్లాంటి సింబల్స్ ఛన్‌మంటాయి. కింది స్వరం, మధ్య గొంతు, పై చప్పుడు, మూడూ నలభై సెకన్లలో వచ్చేస్తాయి. మూడూ శుభ్రంగా ఉంటే పెట్టె బాగున్నట్టే. నలభయ్యో సెకనుకి చెవులక్క వేలు బటన్ మీద పడుతుంది, పాట ఆగిపోతుంది. ఈ పద్ధతి షాపు పెద్దాయన నేర్పినది. "అంతకుమించి వింటే పెట్టెను వినడం మానేసి పాట వింటావమ్మా" అనేవాడు. పెద్దాయన పోయి పదేళ్లయింది. షాపు ఇప్పుడు ఆయన కొడుకు చూసుకుంటున్నాడు. పద్ధతి మాత్రం మారలేదు.

అలా ఆ పాట మొదలు ఆమె కొన్ని వేలసార్లు వింది. చివర ఒక్కసారీ వినలేదు. ఇంట్లో వేసుకుని వినొచ్చుగా అని ఎవరైనా అడిగితే, "రోజంతా గరిటె తిప్పినవాణ్ణి ఇంటికెళ్లి కూడా తిప్పమంటారా?" అని ఎదురడిగేది.

మూడు వారాల క్రితం స్కూలు బస్సు డ్రైవరు ఒకాయన నడుమెత్తు స్పీకరు పెట్టె ఒకటి మోసుకొచ్చాడు. ఎవరో పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడట. పరీక్ష పాట పాడిన ఆ బ్యాండంటే ఆయనకు ప్రాణం. "ఇరవై ఏళ్లుగా బస్సులోనే వింటున్నానక్కా. ఒక్కసారి ఇంట్లో కాళ్లు చాపుకుని విందామని" అన్నాడు. అభిమానం ఉన్న పెట్టె కదా అని చెవులక్క కూడా మనసుపెట్టి చేసింది. ఆయన ముందే పాట వేస్తే నలభై సెకన్లూ తేటగా వినిపించాయి. ఆయన మురిసిపోతూ తీసుకెళ్లాడు.

నాలుగో రోజు పెట్టె వెనక్కి వచ్చింది. డ్యూటీ టైమవుతోందని ఆయన దించేసి వెళ్లిపోయాడు. పైన చీటీ: "అక్కా, మీరు పరీక్షకి వేసే పాటలోనే గరగరమంటోంది. కాస్త చూడండి."

చెవులక్కకి చురుక్కుమంది. పాట వేసింది. గరగరా లేదు, గిరగిరా లేదు. అయినా పెట్టె విప్పి, అంచులన్నీ మళ్లీ అతికించి పంపింది. మళ్లీ వచ్చింది. ఈసారి తను చుట్టిన కాయిల్ తనే పీకేసి, కొత్తది చుట్టింది. అదీ వెనక్కి వచ్చింది. ఈసారి చీటీలో, "ఏమీ అనుకోకండక్కా, గరగర అలాగే ఉంది" అని రాసుంది. ఆ 'ఏమీ అనుకోకండి' అన్న మాటే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

పాటలో ఎక్కడ, అని ఆయనకో ఫోన్ చేస్తే పోయేది. చెవులక్క చేయలేదు. ఎక్కడ వినిపిస్తోందో మీరు చెప్పండి అని ఒక డ్రైవర్ని అడిగాక ఇక చెవులక్క ఎందుకు, ఏ అక్కయినా ఒకటే. షాపు ఓనర్ని పిలిచి వినమంది. నలభై సెకన్లు విని, "నాకూ ఏమీ వినపడటం లేదక్కా" అన్నాడు. మంచివాడు, నొప్పించడం ఇష్టంలేక అంటున్నాడనుకుంది.

ఆ రోజు నుంచి ఆమెకు భయం పట్టుకుంది. అరవై రెండేళ్లు వచ్చాయి. చెవి పోవడం మొదలైతే పోయిందని చెవి చెప్పదు కదా. ఇంట్లో గోడగడియారం దగ్గర ఆగి వినేది, ఒక్కో అడుగూ వెనక్కి వేసి మళ్లీ వినేది. కొళాయి చుక్కలు పక్కగదిలోంచి లెక్కపెట్టేది. అన్నీ వినిపించేవి. వినిపించనివి ఏమిటో మాత్రం తెలిసే దారి లేదు.

శనివారం ఆ పెట్టెను టాక్సీలో వేసుకుని ఇంటికి తెచ్చింది. భర్త ఎదురొచ్చి ఓ చివర పట్టుకున్నాడు. ఆయన లైబ్రరీలో పుస్తకాలు బైండు చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ వాళ్లు పంపే చినిగిన పుస్తకాలను వంటగది బల్ల మీద అతికిస్తూ ఉంటాడు.

"రేపు ఇంట్లో ప్రశాంతంగా వింటాను. అప్పుడూ వినపడకపోతే సోమవారం షాపు తాళాలిచ్చేసి మానేస్తానండి" అంది.

"చెవి పోయిందని అప్పుడే తేల్చేశావా? నా మాట నీకు ముప్ఫై ఏళ్లుగా వినపడటం లేదు. అది జబ్బు కాదు, స్వభావం."

మామూలుగా అయితే ఆ మాటకు నాలుగు తగిలించేది. ఆ సాయంత్రం ఊరుకుంది. అప్పుడు అర్థమైంది ఆయనకి, విషయం ముదిరిందని. వెంటనే లైబ్రరీ దాకా వెళ్లి ఓ డిస్క్ పట్టుకొచ్చాడు. ఆ బ్యాండ్ రెండేళ్ల క్రితం చేసిన కచేరీ సినిమా.

"ఆ పాట ఇందులోనూ ఉంది. కాకపోతే అన్నిటికన్నా చివర" అన్నాడు.

ఆదివారం భోజనాలయ్యాక టీవీకి ఆ పెట్టె తగిలించింది. సరాసరి ఆ పాట దగ్గరికి పోదామంటే రిమోట్‌లో ముందుకు నడిపే బటన్ చచ్చిపోయి ఏడాదైంది. ఊళ్లో పెట్టెలన్నీ బాగుచేసే మనిషి ఇంట్లో రిమోట్‌కి దిక్కులేదు. భర్త బల్ల దగ్గర్నుంచి జిగురు చేతులు ఎత్తి చూపించి, "నన్నడక్కు, చూడు హాయిగా" అన్నాడు. గత్యంతరం లేక కూర్చుంది.

మొదటి అరగంట ఆమె బ్యాండును చూడలేదు, వాళ్ల వెనక పేర్చిన స్పీకర్లనే చూసింది. "పైవరస రెండోది పనిచేయడం లేదు" అంది. "అది చెప్పడానికి వాళ్లు నీకు జీతమివ్వడం లేదు" అన్నాడాయన. తర్వాత మెల్లిగా మనుషుల మీదికి చూపు మళ్లింది. అందరూ డెబ్భై దాటినవాళ్లే. పాటగాడు రెండు పాటలకోసారి స్టూలు మీద కూలబడి నీళ్లు తాగుతున్నాడు. డ్రమ్స్ వాయించే ఆయన కళ్లజోడుకి తాడు కట్టుకున్నాడు. బేస్ గిటారు పట్టుకున్న పొడుగాయన చేతివేళ్లు కీళ్ల దగ్గర ఉబ్బి ఉన్నాయి. తన వేళ్లూ అలాగే ఉంటాయని చెవులక్క ఒళ్లో ఉన్న చేతులు చూసుకుంది. అయినా పాట మొదలయ్యేసరికి ఆ ముసలాళ్లకి ఎక్కడలేని ఓపిక వచ్చేది. ఆమెకు తెలియకుండానే కాలు తాళం వేయడం మొదలుపెట్టింది. భర్త అది చూసి నవ్వుకున్నాడు.

చివరికి ఆ పాట వచ్చింది. బేస్, గొంతు, సింబల్స్. మూడూ శుభ్రం. నలభై సెకన్లు కాగానే ఆమె బొటనవేలు దానంతట అదే లేచి బటన్ కోసం వెతికింది.

"ఉండనీ. ఇన్నాళ్లూ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశావు. ఇవాళైనా లోపలికి పో" అన్నాడు భర్త.

ఉండనిచ్చింది. పాట ఆమెకు తెలియని చోటికి వెళ్లింది. గొంతు పైకి లేచింది, గిటార్లు కలిశాయి, మూడో నిమిషంలో అన్నీ ఆగి బేస్ ఒక్కటే మిగిలింది. నెమ్మదిగా, బాగా కిందకి దిగి ఒక స్వరం దగ్గర నిలబడింది. ఆ స్వరం వెనక, సన్నగా, గరగర.

చెవులక్క ఒక్కసారి లేచి నిలబడింది. వినిపించింది! ముందు సంతోషమే వచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది, అంటే పెట్టెలో లోపం ఉన్నట్టేగా, రెండుసార్లు మళ్లీ విప్పి కూడా పట్టుకోలేకపోయినట్టేగా. వెనక్కి నడిపే బటన్ బతికే ఉంది కాబట్టి పాటను వెనక్కి తీసుకెళ్లింది. కోను అంచున అరచెయ్యి ఆనించి వింది. గరగర తగ్గలేదు. వెనక పలకను మోకాలితో నొక్కిపట్టి వింది. తగ్గలేదు. అప్పుడు ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎప్పుడూ తట్టని ఆలోచన తట్టింది. పెట్టె తీగ పీకేసి, టీవీకున్న ఉత్త చిన్న స్పీకర్‌లో అదే చోట వింది.

గరగర అక్కడా ఉంది.

"ఏమండీ, ఇది పెట్టెలోది కాదు. పాటలోది!"

జిగురు చేతులతోనే ఆయన టీవీ ముందుకొచ్చాడు. తెర మీద డ్రమ్స్ ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు, ఏమీ వాయించడం లేదు. కానీ ఆయన ముందున్న చిన్న డ్రమ్ము అడుగున బిగించిన ఇనుప తీగలు వాటంతటవే వణుకుతున్నాయి. బేస్ ఆ స్వరం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ అదురుకి గరగరమంటున్నాయి. ఆయన డ్రమ్మును చేత్తో తట్టి, పొడుగాయన వైపు చూసి నవ్వాడు. పాట అయ్యాక మైకు దగ్గరికి వంగి అన్నాడు, "మొదటి రికార్డులో కూడా ఇది ఇలాగే మూలిగింది. యాభై ఏళ్లుగా అందరూ బాగుచేయించమంటున్నారు. దీనికి జబ్బేం లేదు. వాడు ఒంటరిగా వాయిస్తే దీనికి మనసొప్పదు, అంతే."

వేలమంది చప్పట్లు కొట్టారు. చెవులక్క కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. బాగున్న పెట్టెను రెండుసార్లు కోసినందుకు కాదు. చెవి ఉందని. భర్త పక్కన నిలబడి, భుజం మీద చెయ్యి వేయబోయి, జిగురు గుర్తొచ్చి, మోచేత్తో ఆమె తలను దగ్గరికి తీసుకున్నాడు.

కాస్త తేరుకుని డ్రైవరుకి ఫోన్ చేసింది.

"గరగర ఎక్కడండీ, మూడో నిమిషంలోనా?"

"అవునక్కా, పాట నెమ్మదించే చోట. కనిపెట్టారా?"

"మీరు ఇరవై ఏళ్లు బస్సులో విన్నారు కదా. ఎప్పుడైనా ఇంజను ఆపి విన్నారా?"

"లేదక్కా, ఎందుకు?" అన్నాడు. ఆమె డ్రమ్ము సంగతి చెప్పింది.

"అయ్యో, ఎంత పనిచేశానక్కా!" అన్నాడు.

"మీరేం చేశారు? ఇంజను మోతలో మీకు వినపడలేదు. నేనేమో అంతదాకా పోనే లేదు. సరిపోయింది ఇద్దరికీ" అని నవ్వేసింది. నవ్వి చాలా రోజులైంది.

సోమవారం పెట్టెతో పాటు షాపుకెళ్లింది. తాళాలు సంచీలోనే ఉన్నాయి. పెట్టె తగిలించి పాట వేసింది. నలభయ్యో సెకను దాటింది. కౌంటర్ దగ్గర ఓనరు తలెత్తాడు. యాభై, అరవై. ఆయన లేచి వచ్చాడు.

"అక్కా, ఆపడం మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. నిలబడి విను."

మూడో నిమిషంలో పాట నెమ్మదించింది. బేస్ కిందకి దిగింది. చెవులక్క వేలు పైకెత్తి, "అదిగో" అంది.

ఓనరు తల పెట్టెకి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. చాలా కష్టపడి విన్నాడు.

"నిజం చెప్పమంటావా అక్కా? నాకు ఇప్పుడూ ఏమీ వినపడలేదు."

పాపం, ఆ రోజు కూడా నిజమే చెప్పాడన్నమాట. చెవులక్క స్టూలు ఒకటి ఆయన వైపు లాగి, పాటను మళ్లీ మొదటికి తీసుకెళ్లింది.

"కూర్చో నాయనా. ఇది నేర్పడానికి నాకు ఇంకా కొన్నేళ్లు పట్టేట్టుంది."