ఇరవై ఒక్క రోజులు

మా చిన్న మరిది గత నెల ఆసుపత్రిలో కన్నుమూశాడు. తలలో రక్తం గడ్డకట్టిందని డాక్టరు చెప్పాడు. సంతాప సభలో ఒకరి తర్వాత ఒకరు మైకు అందుకుని, "దెబ్బ తాకినా ఎవ్వలకు చెప్పలే, గంత గట్టి మనిషి" అని పొగిడారు. నాకు ఒళ్లు మండింది. చెప్పకపోవడం వల్ల పోయిన మనిషిని, చెప్పనందుకే మెచ్చుకుంటారా?

సైన్యంలో చేరాక రగ్బీ నేర్చుకున్నాడు. కోడిగుడ్డు లాంటి బంతితో పరిగెత్తేవాణ్ని ఎదుటివాళ్లు నడుం పట్టి పడేసే ఆట. పదహారేళ్లు పల్టన్ జట్టుకు ఆడాడు. సెలవుకు వచ్చిన ప్రతిసారీ ఒంటి మీద కొత్త కట్టు ఉండేది. ఎడమ చెవి నలిగి ముద్దయిపోయింది. తలకు తగిలిన దెబ్బలు దాచి ఆడానని తనే ఒప్పుకున్నాడు. రిటైరై కాగజ్‌నగర్ వచ్చి ఆడపిల్లలకు కోచ్ అయ్యాక మాత్రం నియమం పెట్టాడు: తలకు దెబ్బ తగిలితే ఇరవై ఒక్క రోజులు మైదానం గీత బయటే.

"మోకాలికి కట్టు కట్టొచ్చు వదినె, బుర్రకు ఏడ కడుతం?" అనేవాడు.

ఆ రోజులు లెక్కపెట్టే రిజిస్టరు నాకు అప్పగించాడు. నేను ముప్పై నాలుగేళ్లు లెక్కల టీచర్ని.

"పోరిలు ఏడిస్తే నేను కరిగిపోత. నువ్వు కరగవు."

"అంటే నాది రాతిగుండెనా?"

"లెక్క కాడ గట్లనే ఉండాలె మరి."

అలాంటివాడు, ఒకరోజు పిల్లలకు పట్టు చూపిస్తూ వెల్లకిలా పడ్డాడు. తల నేలకు కొట్టుకుంది. "ఏం కాలే, ఆడుండ్రి" అన్నాడట. భోజనాల దగ్గర కణతలు నొక్కుకుంటుంటే ఏమైందని అడిగాను. "ఎండ, వదినె" అన్నాడు. మూడు వారాలకు పోయాడు. రిజిస్టరులో అతని పేరు లేదు. అబద్ధమాడినందుకు అతని మీద కోపం. నమ్మినందుకు నా మీద అంతకన్నా కోపం.

మొన్న ఆసిఫాబాద్‌లో అతని పేరిట మ్యాచ్ పెట్టారు. మా జట్టు కెప్టెన్ నా మనవరాలే. దానికి తలకు దెబ్బ తగిలి ఆ రోజుకు పదిహేడు రోజులు.

"చిన్నతాత కోసం గీ ఒక్కరోజు ఆడుత నానమ్మా. నాలుగు రోజులే కద తక్కువ!"

మ్యాచ్ పెట్టినాయన కూడా వచ్చాడు. "జర ఆడనియ్యరాదు పెద్దమ్మా. పిల్ల మంచిగనే ఉన్నది."

"మా మరిది గూడ మంచిగనే ఉండె బిడ్డా, మూడు వారాలు."

పిల్ల మైదానం గీత బయట కూర్చుంది. మా జట్టు ఓడిపోయింది.

"నీ లెక్కతోనే ఓడినం" అంది. తిరుగు బస్సులో నా పక్కనే, మొహం కిటికీ వైపు తిప్పుకుని నిద్రపోయింది. గతుకు వచ్చినప్పుడల్లా తల ఇనుప చువ్వ మీదికి ఒరుగుతోంది. చువ్వకూ తలకూ మధ్య నా అరచేయి పెట్టాను. కాగజ్‌నగర్ వచ్చేదాకా తీయలేదు.