ఎలా అక్క రాసిన చీటీ

మా రిపేరు షాపులో మెట్ల పక్కన ఒక చిన్న బల్ల ఉంటుంది. దాని మీద ఫోను, పసుపు చీటీల కట్ట, చెక్కిన పెన్సిళ్ళు నాలుగు. బల్ల వెనక కూర్చునే ఆవిడని ఎలా అక్క అంటాం. ఎవరు ఫోన్ చేసి ఏం చెప్పినా ఆవిడ నోట్లోంచి మొదట వచ్చే మాట "ఎలా?" ఇరవై రెండేళ్ళుగా బట్టలుతికే మిషన్ల గురించి జనం చెప్పుకునే ఏడుపులన్నీ విని, చీటీల మీద రాసి మెకానిక్కులకిస్తోంది. ఆ మెకానిక్కుల్లో నేనొకణ్ణి. నాకు ముక్కు మీదే కోపం. షాపులో నా పేరు టపాకాయ.

చేరిన కొత్తలో ఆవిడ అందరిలాగే రాసిందట. "వదులు తలుపు" అని రాసిచ్చింది. మెకానిక్ పాపం మిషనుకి కొత్త తలుపు భుజాన వేసుకుని ఆరంతస్తులు ఎక్కాడు. తీరా చూస్తే తలుపు బంగారంలా ఉంది, ఎవరో వదులుగా బిగించారంతే. జేబులో స్క్రూడ్రైవరుంటే సరిపోయేది. అతను దిగొచ్చి చీటీని బల్ల మీద విసిరికొట్టాడు. ఆ రోజునుంచి అక్కకి ఇదో పిచ్చి పట్టుకుంది. వస్తువు ఎలాంటిదో చెప్పే మాట వేరు, పని ఎలా జరుగుతోందో చెప్పే మాట వేరు. ఏది ఎక్కడ రాయాలో తేలేదాకా ఫోన్ పెట్టదు.

"చెత్త మిషనండీ బాబూ!" అని అవతలివాళ్ళు మొత్తుకుంటారు.

"సరేనమ్మా, చెత్తదే. ఎలా తిరుగుతోంది? నెమ్మదిగానా, ఆగి ఆగా?"

"దీపం ఎర్రగా వెలుగుతోందా, ఆ దీపమే ఎర్రదా?" అని ఒకాయన్ని పావుగంట వేపుకు తింది. వినేవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. నేనైతే చాలాసార్లు ఒంటికాలి మీద లేచాను. కానీ ఆవిడ చీటీ పట్టుకుని వెళితే రెండోసారి మెట్లెక్కే పని ఉండదు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

ఇక నా భాగోతం. ఒక సోమవారం ఓ ఇంట్లో మిషను బెల్టు మారుస్తున్నాను. ప్లగ్ తీసేసి, చెయ్యి డ్రమ్ము వెనక్కి పెట్టాను. ఆ ఇంటి పెద్దాయన, ప్లగ్ ఊడిపోయిందనుకుని, మెల్లగా వచ్చి పెట్టేశాడు. డ్రమ్ము గిర్రున తిరిగింది. వేలు వెంట్రుకవాసిలో తప్పించుకుంది. నోటికొచ్చినట్టు అరిచేశాను. బెల్టు అక్కడే పడేసి, సంచీ ఎత్తుకుని వచ్చేశాను.

ఆ ఇంటి కోడలు మూడు రోజులు చూసి, మాసిన బట్టలు గుట్టపడ్డాక ఫోన్ చేసింది. అప్పుడు అక్క భోజనానికి వెళ్ళింది. ఫోనెత్తింది మా యజమాని. ఆయనే చీటీ రాశాడు. "మొరటు మనిషి. పొగరుబోతు."

నా మీద అలాంటి ఫిర్యాదు అది మూడోది. యజమాని నన్ను పిలిచి, "రేపట్నుంచి రావద్దు. నీతో వేగలేను" అన్నాడు. పదకొండేళ్ళ ఉద్యోగం. ఇంట్లో మా ఆవిడకి ఏం చెప్పాలో తోచక నిలబడిపోయాను. ఎన్నడూ లేనిది, నాకు కోపం కూడా రాలేదు.

ఈలోగా అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. బల్ల మీది చీటీ చదివి మొహం చిట్లించింది.

"ఈ చీటీ పనికిరాదు సార్."

"ఎందుకు పనికిరాదు? ఉన్నమాటేగా రాశాను!"

"ఇది పట్టుకుని ఏ సామాను తీసుకెళ్ళమంటారు?"

యజమాని తల గోక్కున్నాడు. ఆవిడ అప్పటికే నంబరు తిప్పేసి, అందరికీ వినపడేలా ఫోను బల్ల మీద పెట్టింది.

"మా మెకానిక్ మొరటుగా ఏం చేశాడమ్మా?"

"అబ్బో, అరిచాడండీ! కిటికీ అద్దాలు అదిరిపోయేంత గట్టిగా."

"ఎప్పుడు మొదలుపెట్టాడు?"

"మా మామగారు ప్లగ్ పెట్టగానే."

"అప్పుడతని చెయ్యి ఎక్కడుందమ్మా?"

"మిషను లోపల" అందావిడ చిన్నగా.

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. యజమాని వైపు చూశాను, విన్నారా అన్నట్టు. అక్క ఊరుకుంటుందా?

"చెయ్యి తీశాక ఆపేశాడా?"

"ఎక్కడా! ఇంకో పది నిమిషాలు. మామగార్ని బుద్ధిలేని ముసలాడన్నాడు, పక్కింటివాళ్ళంతా వింటుండగా."

నాలుక్కరుచుకున్నాను. అక్క ఫోన్ పెట్టేసి, పెన్సిల్ తీసి కొత్త చీటీ రాసింది. "చెయ్యి లోపల ఉండగా డ్రమ్ము తిరిగింది. భయపడి గట్టిగా అరిచాడు. తర్వాత పది నిమిషాలు అనవసరంగా అరిచాడు. బెల్టు బిగించకుండా వచ్చేశాడు."

యజమాని రెండుసార్లు చదివాడు. "ఇప్పుడేం చెయ్యమంటావమ్మా? సగం మనిషిని ఉంచుకుని సగం మనిషిని తీసెయ్యనా?" అని ఫక్కున నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అక్క నా వైపు తిరిగింది.

"నిన్ను మొరటు మనిషి అంటే మొహం మాడ్చుకున్నావు. ఆ పెద్దాయన నిజంగా బుద్ధిలేనివాడా?"

"కాదక్కా. సాయం చేద్దామని... తొందరపడి పెట్టేశాడు."

"మరి ఆ మాట ఆయనకెవరు చెప్తారు? నేనా?"

యజమాని నవ్వాపాడు. "వెళ్ళు. బెల్టు బిగించి, ఆ మాట చెప్పి రా. వాళ్ళు ఫోన్ చేసి సరే అంటే రేపు పనిలోకి రా. లేదంటే సంచీ ఇచ్చేసి వెళ్ళు."

వెళ్ళాను. కోడలు తలుపు తీసింది గానీ పలకరించలేదు. పెద్దాయన కిటికీ దగ్గర కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. బెల్టు బిగించాను. ప్లగ్ పెడదామని చూస్తే, గోడ మీద స్విచ్చుకి అడ్డంగా గోధుమరంగు టేపు అతికించి ఉంది.

"ఇదేంటమ్మా?"

"మామగారు మళ్ళీ ముట్టుకోకుండా" అంది కోడలు. "ముట్టుకోమన్నా ముట్టుకోరులెండి. ఆ రోజునుంచి గదిలో ఫ్యాను కూడా నన్నే పిలిచి వేయమంటున్నారు."

నా ప్రాణం చివుక్కుమంది. పది నిమిషాలు నోరు పారేసుకుని నేను హాయిగా ఇంటికెళ్ళి పడుకున్నాను. ఆ మాట మాత్రం ఈయన దగ్గరే ఉండిపోయింది. వెళ్ళి ఆయన కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాను.

"తాతగారూ, మీరు తొందరపడి ప్లగ్ పెట్టారు. అంతకుమించి ఏమీ లేదు. నేనే భయపడి ఛండాలంగా మాట్లాడాను. తప్పయిపోయింది."

ఆయన చాలాసేపు నా చేతి వేళ్ళకేసే చూశాడు. "అన్నీ ఉన్నాయా నాయనా?" అన్నాడు. "ముప్పయ్యేళ్ళు ప్రెస్సులో మోటార్లు నడిపినవాణ్ణి. నీ వేలు పోయుంటే? అదే తలుచుకుంటున్నాను మూడు రోజులుగా."

పది వేళ్ళూ విప్పి ఆయన ముందు పెట్టాను. ఒక్కొక్కటీ ముట్టుకుని చూశాడు. లేచి వెళ్ళి స్విచ్చు మీది టేపు పీకేశాను. ప్లగ్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"నా రెండు చేతులూ బయటే ఉన్నాయి, చూసుకోండి. ఇక పెట్టండి."

ఆయన కోడలి వైపు చూశాడు. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుని తలూపింది. పెద్దాయన గోడ దగ్గరికి నడిచి, నన్ను ఇంకోసారి పరీక్షగా చూసి, ప్లగ్ పెట్టి స్విచ్చు వేశాడు. డ్రమ్ము కదిలింది.

"సరిగ్గా తిరుగుతోందా?" అన్నాడు చెవి దగ్గరగా పెట్టి.

"సరిగ్గా తిరుగుతోంది తాతగారూ."

కోడలు మా షాపుకి ఫోన్ చేయడానికి లోపలికి వెళ్ళింది. నేను వెళ్ళబోతుంటే పెద్దాయన ఆగమని సైగ చేసి, గదిలోకి వెళ్ళి తనే ఫ్యాను వేసి వచ్చాడు.