మంచం బొమ్మ మీద నిద్ర

లారీ నడపడమంటే కూర్చుని చేసే పనేగా అని మా చర్చి తెలుగు ఫెలోషిప్‌లో ఒకాయన అన్నాడు. అప్పుడాయన చేతిలో బిర్యానీ ప్లేటు ఉంది కాబట్టి ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

జ్ఞానప్రకాశం అన్నయ్య ఇంగ్లండ్‌లో, షెఫీల్డ్‌లో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటాడు. అద్దంకి వైపు మనిషి, అక్కడ గ్రానైటు లారీలు నడిపేవాడు. భార్య రోజమ్మ వదినకు ఇక్కడ ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వస్తే, 2008లో ఆవిడ వెంట వచ్చాడు. కొన్నాళ్ళు గోడౌన్‌లో పెట్టెలు మోశాడు. రాని ఇంగ్లీషులో పరీక్షలు రాసి, తప్పి, మళ్ళీ రాసి, పెద్ద లారీ లైసెన్సు సంపాదించాడు. ఆ కార్డు వచ్చిన ఆదివారం వదిన చర్చిలో లేచి దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పి, అందరికీ కేసరి పంచింది. భార్య వెనకాల వచ్చినవాడు అనే మాట ఆ రోజుతో ఆగిపోయింది. అలాంటి లైసెన్సు పోయే స్థితి తెచ్చారు. ఎవరు తెచ్చారో చెబుతాను.

ఈ దేశంలో లారీ డ్రైవరు నిద్రకు చట్టం ఉంది. నాలుగున్నర గంటలు నడిపితే ముప్పావు గంట ఆగాలి. రోజు పని ముగిశాక మామూలుగా పదకొండు గంటల విశ్రాంతి. ఇదంతా కనిపెట్టడానికి స్టీరింగ్ దగ్గర ఒక పెట్టె ఉంటుంది, టాకోగ్రాఫ్ అంటారు. డ్రైవరు తన కార్డు అందులో పెట్టాలి. బండి కదిలితే అదే రాసుకుంటుంది. బండి ఆగినప్పుడు మాత్రం తనేం చేస్తున్నాడో డ్రైవరే బటన్ నొక్కి చెప్పాలి. సుత్తుల బొమ్మ అంటే పని, మంచం బొమ్మ అంటే విశ్రాంతి. చట్టం మంచిదే, రాసినవాళ్ళను ఏమీ అనను. దాన్ని మంచం బొమ్మ దగ్గర పాతిపెట్టినవాళ్ళనే అంటాను.

అన్నయ్య కంపెనీలో ఎవరు ఏ బండి ఎక్కాలో చూసే మేనేజరు పేరు గ్రాహమ్. డిపోకి చేరాక సరుకు దించడం కూడా డ్రైవరు మీదే పడేది. సరుకు పేర్చిన బరువైన చెక్క పలకల్ని, అంటే పాలెట్లను, చేతి ట్రాలీ మీద ఒక్కొక్కటిగా లాగి దించాలి. అది పని. సుత్తులు నొక్కాలి. చేరిన మొదటి వారంలోనే గ్రాహమ్ భుజం మీద చెయ్యేసి, "దించేటప్పుడు మంచం నొక్కు ప్రకాష్, ఇక్కడ అందరూ అంతే" అన్నాడట. అలా నొక్కితే చెమటలు కక్కుతూ సరుకు లాగిన ముప్పావు గంట పెట్టెలో విశ్రాంతిగా పడుతుంది. దించడం అయిన వెంటనే మనిషిని మళ్ళీ రోడ్డు మీదికి తోలొచ్చు.

"నువ్వెందుకు నొక్కావన్నయ్యా?" అని అడిగాను ఒకసారి.

"ఓనరు మాట గదమ్మా పుష్పా. మనూళ్ళో ఓనరు చెప్పిందేగా రూలు. కాదన్నామంటే వచ్చే వారం డ్యూటీల రోటాలో మన పేరుండదు."

ఓనరు కూడా కాదు వాడు, జీతగాడే. అయినా అన్నయ్యకు అద్దంకి అలవాటు పోలేదు.

సరే, వాళ్ళు పరాయివాళ్ళు. మనవాళ్ళేమైనా తక్కువ తిన్నారా? ఇండియా నుంచి చుట్టాలు దిగినా, తిరిగి విమానం ఎక్కినా టాక్సీలో పంపడం మనకు నామోషీ. మనవాడొకడు కారు తీసుకుని వెళ్ళాలి. ఫెలోషిప్‌లో ఆ మనవాడు ఎప్పుడూ ప్రకాశం అన్నయ్యే. ఆయన డ్రైవరు కదా, అలవాటే కదా. వచ్చిన పాస్టర్లను తెచ్చింది ఆయనే, బాలింతల తల్లులను తెచ్చింది ఆయనే. తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఒక పచ్చడి సీసా పెడతారు. వదిన వంటింట్లో ఒక అలమర నిండా ఆ సీసాలే. ఆవకాయ తింటే నిద్ర తీరుతుందా?

2016 ఎండాకాలంలో ఒక శుక్రవారం సాయంత్రం అన్నయ్య డ్యూటీ దిగి అప్పుడే బూట్లు విప్పుతున్నాడు. డాక్టర్ రామకృష్ణారావు గారు ఫోన్ చేశారు. పెద్ద ఆస్పత్రిలో డాక్టరు. నేనక్కడే ఉన్నాను, ప్రతి ముక్కా విన్నాను.

"ప్రకాశం గారూ, ఏమనుకోకండి. మా అత్తమామల ఫ్లైట్ ఇవాళే, హీత్రో నుంచి. నేను వారమంతా నైట్స్ చేశాను. కళ్ళు మూసుకుపోతున్నాయి. ఈ స్టేట్‌లో డ్రైవింగ్ సేఫ్ కాదు కదండీ."

సేఫ్ కాదని ఎంత చక్కగా తెలుసో చూడండి. అన్నయ్య కూడా వారమంతా మోటర్‌వే మీదే ఉన్నాడు. తెల్లారితే మళ్ళీ లారీ ఎక్కాలి. హీత్రో అంటే లండన్ విమానాశ్రయం, పోవడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు. డాక్టరు గారికి తన కళ్ళే కళ్ళు. వదిన చెయ్యి ఊపి వద్దని సైగ చేసింది. కానీ వదిన తల్లి స్కాన్ రిపోర్టులు చీరాల నుంచి వచ్చినప్పుడు చూసి చెప్పింది ఈ డాక్టరు గారే. అన్నయ్య ఆ మొహమాటం దాటలేక విప్పిన బూట్లు మళ్ళీ తొడుక్కున్నాడు.

శనివారం డిపోలో ఎప్పటిలాగే మంచం నొక్కి పాలెట్లు లాగాడు, బండెక్కాడు. ఎం1 మోటర్‌వే మీద కళ్ళు మూతలు పడ్డాయి. రోడ్డంచున గరుకు గీత మీద చక్రాలు ఎక్కి దడదడలాడితే మెలకువ వచ్చింది. ఎదురుగా చెడిపోయి ఆగిన కారు. బ్రేకు మీద నిలబడి పక్కకు కోశాడు, కారు అద్దం మాత్రం ఊడిపోయింది. ఆ కారు తాలూకు ముసలి దంపతులు రూలు ప్రకారం దిగి కంచె అవతల నిలబడి ఉన్నారు. రూలు పాటించారు కాబట్టి వాళ్ళకేమీ కాలేదు. ఆ ముసలావిడ తిట్టలేదు. ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. అన్నయ్య అదంతా తన చొక్కా మీదే ఒలకబోసుకున్నాడు.

పోలీసులు వచ్చారు. గ్రాహమ్ పెట్టెలో రికార్డు తీసి చూపించి, విశ్రాంతి ఇచ్చాం, ఇంటి దగ్గర మనిషి పడుకోకపోతే మా తప్పా అన్నాడు. ఆ రాత్రే డాక్టరు గారి ఫోన్.

"హీత్రో సంగతి వస్తే నా పేరు మాత్రం రానివ్వకండి. అనవసరంగా నా జాబ్‌కి ప్రాబ్లమ్."

మనిషెలా ఉన్నాడని అడగలేదు. ఆ ఫోన్ నా చేతికి ఇచ్చి ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు.

కోర్టు అజాగ్రత్త కింద లైసెన్సు మీద శిక్ష పాయింట్లు వేసింది. కారు లైసెన్సు నిలిచింది. లారీ లైసెన్సు సంగతి తేల్చడానికి ట్రాఫిక్ కమిషనర్ ముందు విచారణ పెట్టారు. నోరు మూసుకుంటే ఒక్క పొరపాటుతో బయటపడొచ్చు. మంచం సంగతి చెబితే, ఇన్నాళ్ళూ దొంగ బటన్ నొక్కింది తనేనని ఒప్పుకున్నట్టు.

"చెప్తే లైసెన్సు పోద్దేమోనండీ" అంది వదిన.

"చెప్పకపోతే ఇంకోడు నొక్కుతానే ఉంటాడు రోజా. ఈసారి కార్లో మనుషులుంటారు."

విచారణలో అన్నయ్య తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. ఆ రికార్డులో ఉన్న మంచం మీద నేనెప్పుడూ పడుకోలేదు సార్, ఆ టైములో పాలెట్లు లాగుతున్నాను అన్నాడు. హీత్రోకి ఎవరి కోసం వెళ్ళాడో మాత్రం చెప్పలేదు. అందుకు నాకు ఇప్పటికీ కోపమే.

నిజం చెప్పినందుకు లైసెన్సు మొత్తంగా తీసెయ్యలేదు, కొన్ని నెలలు పక్కన పెట్టారు. కంపెనీవాళ్ళు డ్రైవర్లకు శిక్షణ ఇచ్చామని కాగితాలు చూపించి హెచ్చరికతో బయటపడ్డారు. గ్రాహమ్ కుర్చీ కదల్లేదు. అన్నయ్య మళ్ళీ గోడౌన్‌లో పెట్టెలు మొయ్యడానికి పోయాడు, అదీ నైట్ షిఫ్టు. లారీ నడపలేని ఆ నెలల్లో నేను తప్ప మా ఫెలోషిప్‌లో ఒక్కరూ ఆయన ఇంటి గడప తొక్కలేదు.

అప్పుడొక మధ్యాహ్నం నేనూ వదినా వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. అన్నయ్య పైన పడుకున్నాడు. ఆయన ఫోన్ బల్ల మీద మోగింది. వదిన తీసి స్పీకర్ ఆన్ చేసి హలో అంది, అవతల డాక్టరు గారు.

"రోజమ్మ గారూ, మా చెల్లెలు వాళ్ళు రేపు హీత్రోలో దిగుతున్నారండీ. ప్రకాశం గారికి ఇప్పుడు లారీ లేదు కదా, ఫ్రీగానే ఉంటారుగా?"

నా చేతిలో చిక్కుడుకాయ నలిగిపోయింది. నోరు తెరవబోయాను. వదిన నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

మెట్ల మీద చప్పుడైంది. ఫోన్ మోతకు లేచినట్టున్నాడు, అన్నయ్య సగం దిగి నిలబడ్డాడు. కళ్ళు సరిగా తెరుచుకోనేలేదు. చేతిలో కారు తాళాలు మాత్రం ఉన్నాయి.

వదిన ఆయన్నే చూస్తూ ఫోన్‌లో చెప్పింది. "ఆయన నిద్రపోతన్నారు డాక్టర్ గారూ. మీ చెల్లెలు వాళ్ళని మీ నిద్ర మానుకుని మీరే తెచ్చుకోండి."

అన్నయ్య మిగిలిన మెట్లు దిగాడు. తరవాత తాళాలు మెట్ల పక్కన మేకుకు తగిలించి, పైకి వెళ్ళి పడుకున్నాడు.