పెరటాసిలోనూ వచ్చిన ఆటో

పొద్దున పలమనేరులో కూరగాయల షెడ్డు తలుపు తీయంగానే తడిగోనె వాసన, దాని కింద నుంచి కొత్తిమిరి వాసన ఒక్కసారిగా మొహానికి తగిలినాయి. పక్కన షెడ్డు సారు ఏ కాయను ఏ గంపలో వేయాల్నో చెప్తా ఉన్నాడు, నాకు ఒక్క ముక్కా ఎక్కలేదు. అది మస్తాన్ మామ ఆటో వాసన.

ముందు నా సంగతి చెప్పేస్తా, కడుపులో ఆగేటట్టు లేదు. నేను డిగ్రీ పాసయినాను. మా నాయన వైపు గానీ అమ్మ వైపు గానీ డిగ్రీ అనేది నాదే మొదటిది. ఈడ పలమనేరు రైతులు కలిసి పెట్టుకున్న సంఘంలో ఉద్యోగం కూడా వచ్చింది. సోమవారం నుంచి వాళ్ళ వ్యాను సాయంత్రం పూట తిరుపతి బయటి కాలనీలకు కూరగాయలు తీసుకపోతాది. మొదటి కాలనీ మాదే, ఆ వ్యాను చూసుకునేది నేనే. ఈ మాట ఎంతమందికి చెప్పినానో నాకే తెలీదు, బస్సులో పక్కన కూర్చున్నామెకు కూడా చెప్పినాను. కానీ ఇదంతా యాడ మొదలైందో తెలియాలంటే మామ గురించి చెప్పాల.

మేము తిరుపతిలో బాడుగ ఇంట్లో ఉండేవాళ్ళం. నేను పదో తరగతిలో ఉండంగా చంద్రగిరి అవతల లేఅవుటులో సొంత ఇల్లు వచ్చింది. గోడలు మావి, తలుపు మాది. అమ్మ కొన్నాళ్ళు ఊరికే ఆ గోడలు తుడుస్తానే ఉండింది. ఇల్లయితే ఉండాది గానీ కూరగాయలు లేవు. తోపుడు బండి ఎండెక్కినాక వచ్చేది, అప్పటికి ఇండ్లల్లో ముసిలోళ్ళు తప్ప ఎవరుంటారు? అమ్మ బస్టాండు దగ్గర లాడ్జీలో గదులు తుడిచేది, నాయన సిమెంటు మూటలు మోసేవాడు. సాయంత్రం మా దిక్కు వచ్చే బస్సు ఒకటే. మార్కెట్టుకు పోతే ఆ బస్సు దాటిపోతాది, ఆటోలో వస్తే బాడుగ కూరగాయల ధరను మించిపోతాది. లేఅవుటు అంగడిలో మొలకలొచ్చిన ఉర్లగడ్డలు, మెత్తబడిన టమోటాలు. అందుకని రోజూ సంగటీ ఊరగాయ, కాకుంటే సంగటీ పచ్చిపులుసు. అమ్మకు రక్తం తక్కువుందని, ఆకుకూరలు తినమని నర్సమ్మ చెప్తే, "తింటాగానీ యాడుండాదో చూపించు తల్లీ" అని అమ్మ నవ్వింది.

మస్తాన్ మామ మా పాత వీధి మూలలో గోనె పరిచి కూరగాయలు అమ్మేవాడు. అమ్మ ఆయన్ని అన్నా అని పిలిచేది కాబట్టి నాకు మామ. ఒక సెలవు రోజు అమ్మ ఆయన దగ్గర ఈ గోడంతా వెళ్ళబోసుకుంటే, చూసిపోదామని ఒక సాయంత్రం ఆటోలో సరుకు వేసుకుని మా నీళ్ళ ట్యాంకు కిందికి వచ్చినాడు. బస్సు దిగిన ఆడోళ్ళు దిగినట్టే ఆటోను చుట్టుకున్నారు. గంపలన్నీ ఖాళీ.

ఆయన మాత్రం నవ్వలేదు. ఆ వీధిలో చోటుకు కాగితాలేమీ ఉండవు, రోజూ ఎవరు గోనె పరిస్తే చోటు వాళ్ళది. కొన్నాళ్ళు ఖాళీగా కనిపిస్తే ఇంకొకరు పరుచుకుంటారు, వాళ్ళను లేపే హక్కు ఎవరికీ లేదు. అది చెప్పి, "ఈడికొస్తే ఆడ నా చోటు పోతాది చెల్లీ. మోజు తీరినాక మీరు మొహం చాటేస్తే నేను ఆడా లేను, ఈడా లేను. ఆలోచించి చెప్పండి" అన్నాడు. ఆడోళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మే అనేసింది, "రా అన్నా. మేము కొంటాము." ఇంటికొచ్చినాక నాయన, లేఅవుటు అందరి మాటా నువ్వెట్లిస్తావని గట్టిగానే అడిగినాడు.

ఆయన అమ్మకం తీరే వేరు. మాకు ఫ్రిజ్జులు లేవు, కూలి ఏ రోజుది ఆ రోజే. అందుకని గుమ్మడికాయను ముక్కలు కోసి పెట్టేవాడు, క్యాబేజీ సగం కూడా ఇచ్చేవాడు. సాంబారుకని ఒక మునక్కాయ, రెండు వంకాయలు, ఒక క్యారెట్టు కలిపి కుప్పలు పోసేవాడు. నోరు మాత్రం కారం. అమ్మ మొదట్లో ఆయన ఏది తీసిస్తే అది సంచిలో వేసుకునేది. ఒకరోజు ఆ సంచి లాక్కుని గంపలో కుమ్మరించేసినాడు. "రేషనంగడి అనుకున్నావా, ఇచ్చింది పట్టుకపోయేదానికి? ఏరుకో. బెండకాయ కొన తుంచి చూడు. ముదురుంటే నా మొహాన కొట్టు." ఆ పక్క రోజు నుంచి మా వీధి ఆడోళ్ళంతా కొనలు తుంచడం మొదలుపెట్టినారు. అప్పుడు మళ్ళీ, నా బెండకాయలకు గుండు కొడతా ఉండారని అరిచేవాడు.

తర్వాత పెరటాసి వచ్చింది, తమిళ లెక్కలో నెల అది. మా పక్క ఆ నెలంతా వెంకటేశ్వరస్వామి పేరు చెప్పి నీచు ముట్టరు, ఊరు ఊరంతా కూరగాయల మీదే పడతాది. టౌన్లో ధర చెట్టెక్కి కూర్చుంటాది. పాత చోట ఒక్క నెల కూర్చుంటే మామకు ఏడాది సంపాదన. మొదటి శనివారం ఆటో రాలేదు. చీకటి పడింది. అమ్మ రోడ్డు దగ్గరే నిలబడింది. ఎదురింటామె, "మీ అన్న టౌన్లో నోట్లు ఏరుకుంటా ఉంటాడులే, రా" అని ఎగతాళి చేసింది. కొందరు సంచులు మడిచి ఇండ్లకు పోయినారు. అమ్మ మాత్రం కదల్లేదు. నేను పక్కనే ఉన్నాను. మాట పోయేటప్పుడు మనిషి మొహం ఎట్లుంటాదో నాకు ఆ రోజే తెలిసింది.

చాలాసేపటికి లైటు కనబడింది. టౌన్లో ధరకు తెస్తే మేము కొనలేమని ఆయన పలమనేరు దాకా పోయి రైతుల దగ్గరే సరుకు ఎత్తుకొచ్చినాడు. దార్లో టైరు పంక్చరు. దిగంగానే మమ్మల్నే తిట్టినాడు, "పెరటాసి మీకు, నాక్కాదు. నాకు పన్నెండు నెలలూ కూరగాయలే." ఎందుకు మామా అంత దూరం, టౌన్లోనే అమ్ముకోవచ్చు గదా అని నేనడిగితే, కొత్తిమిరి మీద గోనె తీస్తా చెప్పినాడు. "మీ అమ్మ మాటిచ్చింది గదా పాపా. మాట ఒక పక్కనే ఉంటాదా?"

ఇంటరు అయినాక ఏ సీటొస్తే దాంట్లో చేరిపొమ్మని అందరూ చెప్పినారు. ఆ ఎండాకాలం మామ నన్నూ నాయననూ ఆటోలో పలమనేరు తీసుకపోయినాడు. ధర లేక రోడ్డు పక్కన టమోటాలు పారబోసి ఉన్నారు, ఎర్రగా, ఆవులు కూడా తిని విసిగిపోయినంత. ఈడ పారేస్తా ఉంటే మా అంగడిలో అంత ధర ఎందుకని అడిగినాను. ఆయన, నాకు ఒక్క ఆటోనే ఉండాది, మిగతాది నువ్వు చదివి చెప్పు అన్నాడు. హార్టికల్చర్ అనే చదువు ఒకటుందని నేను వెతుక్కున్నది ఆ తర్వాతే.

నేను చదువుకుంటా ఉండంగానే ఆయన మోకాళ్ళు పోయినాయి. ఆటో అమ్మేసి పలమనేరులో కూతురింటికి వచ్చేసినాడు. మా ట్యాంకు కింద మళ్ళీ ఎవరూ రాలేదు. ఇండ్లల్లో ఊరగాయ జాడీలు మళ్ళీ ముందుకొచ్చినాయి.

ఈ మధ్యాహ్నం షెడ్డు నుంచి నేరుగా ఆయన దగ్గరికే పోయినాను. సర్టిఫికెట్టు చేతికిచ్చి, వ్యాను సంగతి ఊపిరాడకుండా చెప్పినాను. ఆయన కూతుర్ని పిలిచి టీ పెట్టమన్నాడు. సర్టిఫికెట్టు మీద నా పేరును వేలితో తడిమినాడు. తర్వాత అడిగినాడు, "మొదటి నెల సరిగా అమ్ముడుపోకపోతే ఆపేస్తారా?"

నాకు తెలీదు. సంఘంలో పదిమంది ఉంటారు, వాళ్ళ లెక్కలు వాళ్ళకుంటాయి. అదే చెప్పినాను.

"అయితే ఆ మాటే చెప్పు ఆడోళ్ళకు. ఊరికే ఆశ పెట్టద్దు."

బయటికి రాంగానే అమ్మ ఫోను. వ్యాను రోజూ వస్తాదా అని వీధిలో అందరూ అడుగుతా ఉండారంట, ఏం చెప్పమంటావు అంటాది. అవునని చెప్పేయాలని నోటిదాకా వచ్చింది, అంత సంతోషంగా ఉన్నాను మరి. "సోమవారం వస్తాదమ్మా," అన్నాను. "ఆపేస్తామని వాళ్ళంటే ఊరుకోను, కొట్లాడతా. అప్పటికీ ఆపేస్తే, ఆ సాయంత్రం మీరు రోడ్డు మీద నిలబడక ముందే నేనొచ్చి ఇంటింటికీ చెప్తా."

సరే, అట్లనే చెప్తాను అనింది అమ్మ.